కణత్వచ లిపిడ్లు: సంకేత ప్రసారం, వ్యాధులు

కణత్వచ లిపిడ్లు అంటే జీవకణాన్ని, దాని లోపలి కణాంగాలను చుట్టి ఉండే పలుచని పొరకు ఆధారమైన కొవ్వు జాతి పదార్థాలు. ఫాస్ఫోలిపిడ్లు, స్ఫింగోలిపిడ్లు, స్టెరాల్‌లు వీటిలో మూడు ప్రధాన వర్గాలు. కణం లోపలి నీటిని బయటి నీటి నుంచి వేరుచేయడం వీటి పని అని చాలాకాలం అనుకున్నారు. బయటి నుంచి వచ్చిన కబురును కణం లోపలికి చేరవేయడంలోనూ వీటికి పాత్ర ఉందని 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో తెలిసింది. హార్మోన్ వచ్చి కణాన్ని తాకినప్పుడు త్వచంలోని కొన్ని లిపిడ్లు రెండుగా తెగుతాయి, కొన్నింటికి కొత్త ఫాస్ఫేట్ చేరుతుంది, కొన్ని ఒక పొర నుంచి ఇంకో పొరకు మారతాయి. ఈ మార్పులే సంకేతాలు.

ఒక లిపిడ్ ఏ సంకేతం ఇస్తుందన్నది దాని రసాయన నిర్మాణంతో పాటు అది ఉన్న చోటును, ఉన్న వ్యవధిని బట్టి కూడా తేలుతుంది. లోపలి పొరలో ఉండవలసిన ఫాస్ఫాటిడిల్ సెరీన్ బయటి పొరకు వస్తే సాధారణంగా ఆ కణం చనిపోతోందని అర్థం. కొద్ది నిమిషాలు కనబడి చెరిగిపోయే ఒక ఫాస్ఫోలిపిడ్ ఇన్సులిన్ కబురును మోస్తుంది. అదే చెరగకుండా నిలిచిపోతే కణం క్యాన్సర్ దారి పట్టవచ్చు. లిపిడ్లకు సంబంధించిన చాలా వ్యాధులు ఇలా చోటు తప్పడం వల్ల, గడువు మీరడం వల్ల వచ్చేవే.

నిర్మాణం

ఫాస్ఫోలిపిడ్ అణువుకు ఒక తల, రెండు తోకలు ఉంటాయి. ఫాస్ఫేట్ ఉన్న తల నీటితో కలుస్తుంది. కొవ్వు ఆమ్లాలతో ఏర్పడిన తోకలు నీటికి దూరంగా జరుగుతాయి. నీటిలో ఈ అణువులు వాటంతట అవే రెండు వరుసలుగా సర్దుకుంటాయి: తలలు ఇరువైపులా నీటిని తాకుతూ, తోకలు మధ్యలో ఎదురెదురుగా. ఇలా ఏర్పడిన జంటపొర మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటి పొరలు రెండు లక్షలు పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది.

ఈ పొర గట్టి గోడ కాదు, చిక్కని ద్రవం. చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది, నువ్వుల నూనె పేరుకోదు. నెయ్యిలో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వు ఆమ్లాల తోకలు తిన్నగా ఉండి ఒకదానికొకటి ఒత్తుకుని కూర్చుంటాయి. నూనెలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాల తోకలు ద్విబంధం ఉన్నచోట వంగి ఉంటాయి కాబట్టి దగ్గరకు చేరలేవు. త్వచంలోనూ ఇదే సూత్రం. చలి పెరిగితే బ్యాక్టీరియాలు, చేపలు తమ త్వచాల్లో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు పెంచుకుని పొర బిగుసుకుపోకుండా చూసుకుంటాయి. జంతుకణాల్లో కొలెస్టరాల్ ఆ తోకల మధ్య దూరి, పొర మరీ పలుచబడకుండా, మరీ బిగుసుకోకుండా కాపాడుతుంది. కణాన్ని చుట్టిన ప్లాస్మాత్వచంలోని లిపిడ్ అణువుల్లో 30 నుంచి 40 శాతం కొలెస్టరాలే. లోపలి కణాంగాల త్వచాల్లో అది చాలా తక్కువ.

ఒక లిపిడ్ అణువు తానున్న వరుసలో పక్కలకు వేగంగా జరుగుతుంది. కానీ పల్టీ కొట్టి అవతలి వరుసకు వెళ్లాలంటే నీటిని ఇష్టపడే తల కొవ్వు పొరను దాటాలి. సాయం లేకుండా ఇది జరగడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందువల్ల రెండు వరుసల కూర్పు వేర్వేరుగా నిలబడుతుంది. ఫాస్ఫాటిడిల్ కొలీన్, స్ఫింగోమైలిన్, చక్కెరలు తగిలించుకున్న గ్లైకోలిపిడ్లు ఎక్కువగా బయటి వరుసలో ఉంటాయి. ఫాస్ఫాటిడిల్ సెరీన్, ఫాస్ఫాటిడిల్ ఇనాసిటాల్ వంటివి లోపలి వరుసలో ఉంటాయి. ఈ తేడా చెదరకుండా చూడటానికి ఫ్లిప్పేజ్‌లనే ప్రోటీన్లు ఏటీపీ శక్తిని ఖర్చుచేస్తూ దారి తప్పిన లిపిడ్లను మళ్లీ లోపలికి తిప్పుతుంటాయి.

పరిశోధన చరిత్ర

కొవ్వులో కరిగే పదార్థాలు కణంలోకి తేలిగ్గా చొరబడతాయని 1890లలో జ్యూరిచ్‌లో చార్లెస్ ఓవర్టన్ గమనించి, కణం చుట్టూ కొవ్వు జాతి పొర ఉండాలని ఊహించాడు. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లను తీసి నీటిపై పరిచారు. ఆ పరుపు వైశాల్యం కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. కణం చుట్టూ ఉన్నది జంటపొర అని వారు తేల్చారు. నిజానికి ఆ కొలతలో రెండు పొరపాట్లు ఉన్నాయి: లిపిడ్లు పూర్తిగా బయటికి రాలేదు, కణ ఉపరితలాన్నీ తక్కువగా లెక్కించారు. రెండు తప్పులూ ఒకదానినొకటి సరిచేసుకోవడంతో జవాబు సరిగ్గా వచ్చింది. 1972లో సింగర్, నికోల్సన్ ప్రతిపాదించిన ‘ఫ్లూయిడ్ మొజాయిక్’ నమూనా ప్రకారం లిపిడ్ల ద్రవంలో ప్రోటీన్లు తేలుతూ ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో నేటికీ కనబడే బొమ్మ ఇదే.

లిపిడ్లకు సంకేతాలతో సంబంధం ఉందన్న తొలి ఆధారం ఈ నమూనా కంటే ముందే దొరికింది. 1953లో మేబెల్ హాకిన్, లోవెల్ హాకిన్ దంపతులు పావురం క్లోమం ముక్కలపై ఎసిటైల్ కొలీన్ అనే నాడీ రసాయనాన్ని వేశారు. అందులోని ఫాస్ఫోలిపిడ్లు రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ను ఎన్నో రెట్లు ఎక్కువగా తీసుకున్నాయి. క్లోమాన్ని పనికి పురిగొల్పితే త్వచంలోని కొవ్వు ఎందుకు మారాలి అన్నది చాలా ఏళ్లు చిక్కుముడిగానే మిగిలింది. ఈ మార్పుకు, కణం లోపల కాల్షియం పెరగడానికి లింకు ఉందని 1975లో రాబర్ట్ మిచెల్ సూచించాడు. 1983లో మైకేల్ బెర్రిడ్జ్, రాబిన్ ఇర్విన్, జర్మనీ పరిశోధకులు స్ట్రెబ్, షుల్జ్ కలిసి ఆ లింకును చూపించారు. వారు ప్రయోగానికి వాడుకున్నదీ క్లోమ కణాలనే. జపాన్‌లోని కోబె విశ్వవిద్యాలయంలో యసుతోమి నిషిజుకా అదే కాలంలో ఈ సంకేతంలోని రెండో సగాన్ని, అంటే కింద చెప్పే డయసైల్ గ్లిసరాల్ మార్గాన్ని, వెలికితీశాడు.

త్వచంలో ఎంత ఫాస్ఫోలిపిడ్ ఉందో కొలవడం ఈ రంగంలో మొదటి అవసరం. అందుకు దశాబ్దాల పాటు ఆధారమైన పద్ధతిని రూపొందించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రకటించిన పద్ధతిలో ఫాస్ఫేట్ పరిమాణాన్ని నీలిరంగు గాఢతను బట్టి లెక్కిస్తారు. లిపిడ్ ప్రయోగశాలల్లో వాడే 1959 నాటి బార్ట్‌లెట్ పద్ధతి దీనికి సవరణే. ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్లు ఒకే నమూనాలో వందలాది లిపిడ్లను విడివిడిగా గుర్తిస్తున్నాయి. ఈ శాఖను లిపిడోమిక్స్ అంటారు.

సంకేత మార్గాలు

రెండుగా తెగే లిపిడ్. ఫాస్ఫాటిడిల్ ఇనాసిటాల్ తలకు రెండు ఫాస్ఫేట్లు అదనంగా చేరితే ఏర్పడే లిపిడ్‌ను పొట్టిగా పిప్-2 అంటారు. ప్లాస్మాత్వచంలోని లిపిడ్లలో ఇది ఒక శాతం మేరకే ఉంటుంది. హార్మోన్ లేదా నాడీ రసాయనం గ్రాహకాన్ని తాకగానే ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైము పిప్-2ను తలా తోకా వేరుచేస్తుంది. ఐపీ-3 అనే తల నీటిలో కరిగి లోపలికి వెళ్లి, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో నిల్వ ఉన్న కాల్షియానికి తలుపు తెరుస్తుంది. డయసైల్ గ్లిసరాల్ అనే తోక భాగం త్వచంలోనే ఉండి ప్రోటీన్ కైనేజ్-సిని పనిలోకి దింపుతుంది. కణరసంలో కాల్షియం గాఢత బయటి ద్రవంలో ఉన్నదానిలో పదివేలవ వంతు కాబట్టి, కొద్దిపాటి కాల్షియం విడుదలైనా కణానికి అది గట్టి పిలుపే. క్లోమం జీర్ణరసాలను వదలడం, రక్తనాళాల కండరం బిగుసుకోవడం, పిండంగా మారబోయే అండం ఫలదీకరణ క్షణాన మేల్కొనడం ఈ మార్గంలోనే జరుగుతాయి.

తీవ్ర విరేచనకారిగా ఆయుర్వేదానికి తెలిసిన నేపాళం గింజల నూనెలో ఫార్బాల్ ఎస్టర్లు ఉంటాయి. అవి డయసైల్ గ్లిసరాల్‌ను అనుకరించి ప్రోటీన్ కైనేజ్-సికి అంటుకుంటాయి. అసలు సంకేతం క్షణాల్లో చెరిగిపోతుంది, ఈ నకలు గంటల తరబడి కదలదు. ఎలుకల చర్మంపై ఈ నూనె కంతులను ప్రేరేపిస్తుందని ముందే తెలిసినా, కారణం 1980ల ఆరంభంలో నిషిజుకా బృందం పనితో బయటపడింది.

ఫాస్ఫాటిడిల్ ఇనాసిటాల్ జాతి లిపిడ్లు తెగకుండానే కొన్ని అయాన్ ద్వారాలను అదుపులో ఉంచుతాయి. మిరపకాయ తిన్నప్పుడు నోరు మండటానికి కారణం టీఆర్‌పీవీ-1 అనే ద్వారం. 2016లో అమెరికాలోని డేవిడ్ జూలియస్, ఇఫాన్ చెంగ్ బృందాలు దాని నిర్మాణాన్ని పరమాణు స్థాయిలో చూసినప్పుడు, కారం అణువు క్యాప్సైసిన్ కూర్చునే గూటిలో మామూలుగా ఫాస్ఫాటిడిల్ ఇనాసిటాల్ కూర్చుని ఉన్నట్టు తేలింది. కారం వచ్చి లిపిడ్‌ను ఆ గూటి నుంచి నెట్టేస్తేనే ద్వారం తెరుచుకుంటుంది. టీఆర్‌పీవీ-1ను కనుగొన్నందుకు జూలియస్ 2021 నోబెల్ బహుమతిలో పాలుపంచుకున్నాడు.

ఇన్సులిన్ సంకేతం. పిఐ-3 కైనేజ్ అనే ఎంజైము పిప్-2కు ఇంకో ఫాస్ఫేట్ తగిలించి పిప్-3గా మారుస్తుంది. 1980ల చివర లూయీ కాంట్లీ తదితరుల కృషితో ఇది వెలుగులోకి వచ్చింది. విశ్రాంతిలో ఉన్న కణంలో పిప్-3 దాదాపు ఉండదు. ఇన్సులిన్ తాకిన కొద్దిసేపటికే లోపలి వరుసలో పుడుతుంది. ఏకెటి అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని త్వచానికి చేరుతుంది, అక్కడ క్రియాశీలమవుతుంది. ఫలితంగా కండరకణాలు, కొవ్వుకణాలు గ్లూకోజ్ రవాణా ప్రోటీన్లను ఉపరితలానికి పంపి రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటాయి. పని అయ్యాక పీటెన్ అనే ఎంజైము ఆ మూడో ఫాస్ఫేట్‌ను తీసేసి సంకేతాన్ని చెరిపేస్తుంది.

నొప్పి, వాపు, ఆనందం. 20 కర్బన పరమాణువులున్న అరాకిడోనిక్ ఆమ్లం ఫాస్ఫోలిపిడ్ల రెండో తోకగా త్వచంలో నిల్వ ఉంటుంది. గాయం తగిలినప్పుడు ఫాస్ఫోలైపేజ్-ఏ2 ఎంజైము దాన్ని కోసి విడుదల చేస్తుంది. సైక్లో ఆక్సిజనేజ్ దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్‌లను, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే థ్రాంబాక్సేన్‌ను తయారు చేస్తుంది. లైపాక్సిజనేజ్ దారిలో ఉబ్బసానికి కారణమయ్యే ల్యూకోట్రయీన్లు పుడతాయి. ఆస్పిరిన్ ఈ సైక్లో ఆక్సిజనేజ్‌నే అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ చూపించాడు. ప్లేట్‌లెట్లకు కేంద్రకం ఉండదు కాబట్టి, ఒకసారి చెడిన ఎంజైముకు బదులు కొత్తది తయారు చేసుకోలేవు. అందుకే గుండెపోటు వచ్చినవారికి రోజుకు ఒక చిన్న మాత్ర సరిపోతుంది. వేన్, బెర్గ్‌స్ట్రామ్, శామ్యూయెల్సన్ 1982లో నోబెల్ అందుకున్నారు. అరాకిడోనిక్ ఆమ్లం నుంచే ఏర్పడే మరో పదార్థం గంజాయి గ్రాహకాలకు శరీరం సొంతంగా తయారు చేసుకునే సంకేతం. 1992లో దాన్ని కనుగొన్నవారు సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దాన్ని తీసుకుని ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు.

మరణ సంకేతం, గడ్డకట్టే సంకేతం. మనిషి శరీరంలో రోజుకు వేల కోట్ల కణాలు పద్ధతి ప్రకారం మరణిస్తాయి. చనిపోబోయే కణంలో ఫ్లిప్పేజ్‌లు ఆగిపోతాయి, స్క్రాంబ్లేజ్‌లనే ప్రోటీన్లు రెండు వరుసలనూ కలగలిపేస్తాయి. దాంతో ఫాస్ఫాటిడిల్ సెరీన్ బయటికి వస్తుంది. భక్షక కణాలు దాన్ని గుర్తుపట్టి ఆ కణాన్ని చడీచప్పుడు లేకుండా మింగేస్తాయి. గాయమైనచోట ప్లేట్‌లెట్లు కూడా ఇదే లిపిడ్‌ను బయటపెడతాయి. అక్కడ అది రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు చేరడానికి అరుగులా పనిచేస్తుంది. టీఎంఈఎం16ఎఫ్ అనే స్క్రాంబ్లేజ్ జన్యువు చెడితే ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉన్నా రక్తస్రావం ఆగదు. అరుదైన ఈ జబ్బు పేరు స్కాట్ సిండ్రోమ్.

స్ఫింగోలిపిడ్లు. జర్మనీలో పుట్టి లండన్‌లో పనిచేసిన వైద్యుడు థుడికమ్ మెదడు రసాయనాలను పరిశీలించి, అంతుపట్టని ఒక పదార్థానికి 1884లో గ్రీకు పురాణాల్లో పొడుపుకథలు వేసే స్ఫింక్స్ పేరు మీద స్ఫింగోసిన్ అని పేరు పెట్టాడు. దాని నుంచి వచ్చే సిరమైడ్ సాధారణంగా కణాన్ని మరణం వైపు నడిపిస్తుంది. స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ బతుకు వైపు నడిపిస్తుంది. ఈ రెండో పదార్థం రక్తంలో ఎక్కువగా, లింఫ్ గ్రంథుల లోపల తక్కువగా ఉంటుంది. ఆ తేడాను ఆనవాలు పట్టుకునే లింఫోసైట్లు గ్రంథుల నుంచి రక్తంలోకి దారి కనుక్కుంటాయి. ఈ మార్గాన్ని అడ్డుకునే ఫింగోలిమాడ్ మందు, సొంత నాడీవ్యవస్థపై దాడి చేసే లింఫోసైట్లను గ్రంథుల్లోనే నిలిపివేస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు నోటి ద్వారా తీసుకునే మందుగా అమెరికా 2010లో దీన్ని అనుమతించింది.

కొలెస్టరాల్, లిపిడ్ తెప్పలు. కొలెస్టరాల్, స్ఫింగోలిపిడ్లు ఒకచోట గుమిగూడి, చుట్టూ ఉన్న పలుచని పొరలో తెప్పల్లా తేలుతూ సంకేత ప్రోటీన్లను ఒక దగ్గరకు చేరుస్తాయని 1997లో కై సైమన్స్, ఎలీనా ఇకోనెన్ ప్రతిపాదించారు. ఈ తెప్పలు నానోమీటర్ల పరిమాణంలో, అతి తక్కువ సమయం ఉండేవి కావడంతో సజీవ కణంలో వాటిని నేరుగా చూడటం కష్టం. వాటి స్వరూపంపై చర్చ ఇంకా సాగుతూనే ఉంది. గ్రాహకాలపై కొలెస్టరాల్ ప్రభావం గురించి మాత్రం గట్టి ఆధారాలున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ బృందం ఈ అంశంపై సుదీర్ఘకాలం పనిచేసింది. మెదడులో మానసిక స్థితికి సంబంధించిన సెరటోనిన్-1ఏ గ్రాహకం చుట్టూ ఉన్న కొలెస్టరాల్‌ను తొలగిస్తే, ఆ గ్రాహకం తన సంకేత అణువును పట్టుకునే శక్తి తగ్గుతుందని వారు చూపించారు. కాలా అజార్ వ్యాధి కలిగించే లీష్మేనియా పరాన్నజీవి భక్షక కణంలోకి దూరడానికీ ఆ కణం త్వచంలోని కొలెస్టరాల్ కావాలని అదే బృందం పరిశోధనలో తేలింది.

రక్తపరీక్షలో కనబడే కొలెస్టరాల్ వేరు, త్వచంలోని కొలెస్టరాల్ వేరు. కణం తనకు కావలసింది తానే తయారు చేసుకోగలదు. ఎప్పుడు తయారు చేయాలో తేల్చేది కొలెస్టరాల్ మెండుగా ఉన్న ప్లాస్మాత్వచం కాదు, కొద్దిగానే ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. అక్కడి లిపిడ్లలో కొలెస్టరాల్ 5 శాతం కంటే తగ్గితే తయారీ జన్యువులు మేల్కొంటాయని కొలెస్టరాల్ పరిశోధకులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల ప్రయోగశాల తేల్చింది.

వ్యాధులు

క్యాన్సర్. పిఐ-3 కైనేజ్‌ను తయారుచేసే జన్యువుల్లో ఒకటైన పిఐకె-3సిఎలో ఉత్పరివర్తనం వస్తే హార్మోన్ లేకున్నా పిప్-3 పుడుతూనే ఉంటుంది. హార్మోన్ గ్రాహకాలుండి, హెర్-2 అనే ప్రోటీన్ అధికంగా లేని రొమ్ము క్యాన్సర్లలో సుమారు 40 శాతం కేసుల్లో ఈ మార్పు కనబడుతుంది. పిప్-3ని చెరిపే పీటెన్ జన్యువును 1997లో గుర్తించారు. అది చెడినా ఫలితం అదే. పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్నవారికి కౌడెన్ సిండ్రోమ్ వస్తుంది. రొమ్ము, థైరాయిడ్, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఈ కైనేజ్‌ను అడ్డుకునే ఆల్పెలిసిబ్ మందుకు 2019లో అమెరికా అనుమతి దొరికింది. దాన్ని వాడేవారిలో రక్తంలో చక్కెర పెరగడం తరచుగా కనబడే దుష్ప్రభావం. క్యాన్సర్ వాడుకుంటున్న లిపిడ్, ఇన్సులిన్ వాడుకునే లిపిడ్ ఒకటే కావడం దీనికి కారణం.

లిపిడ్ నిల్వ వ్యాధులు. పాతబడిన త్వచాల లిపిడ్లను లైసోసోమ్‌లు ముక్కలు చేస్తాయి. ఆ పనిచేసే ఎంజైముల్లో ఒకటి పుట్టుకతోనే లోపిస్తే సంబంధిత లిపిడ్ పేరుకుపోతుంది. 1882లో ఫిలిప్ గోషే వర్ణించిన గోషే వ్యాధిలో గ్లూకోసెరెబ్రొసైడ్ పేరుకుంటుంది. ప్లీహం, కాలేయం ఉబ్బి, రక్తహీనత, ఎముకల నొప్పులు వస్తాయి. టే-శాక్స్ వ్యాధిలో జీఎం-2 గ్యాంగ్లియోసైడ్ నాడీకణాల్లో చేరి పసిబిడ్డల మెదడును దెబ్బతీస్తుంది. నీమన్-పిక్ సి రకంలో కొలెస్టరాల్ లైసోసోమ్ నుంచి బయటికి రాలేదు. ఈ వ్యాధిలో సాధారణంగా లోపించే ఎన్‌పీసీ-1 ప్రోటీన్‌నే ఎబోలా వైరస్ కణంలోకి చొరబడే ద్వారంగా వాడుకుంటుందని 2011లో తేలింది. గోషే జన్యువులో ఒక ప్రతి మాత్రమే చెడినవారికి గోషే రాదు కానీ, పార్కిన్సన్స్ వ్యాధి ముప్పు పెరుగుతుంది.

ఈ మూడు నిల్వ వ్యాధులూ తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తేనే కలిగే జబ్బులు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకే కుటుంబంలో ఒకే చెడిన జన్యువు తరతరాలుగా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, మేనరికాలు సాధారణమైన తెలుగు ప్రాంతాల్లో వీటికి జన్యు సలహా అవసరం ఎక్కువ.

కలరా, నరాల బలహీనత. కలరా క్రిమి విడుదల చేసే విషం పేగు కణాల బయటి వరుసలోని జీఎం-1 గ్యాంగ్లియోసైడ్‌ను అయిదు చేతులతో పట్టుకుని లోపలికి దిగుతుంది. లోపల కణసంకేతం ఒకటి ఆగకుండా మోగేట్టు చేయడంతో ఉప్పు, నీరు లీటర్ల కొద్దీ పేగులోకి పారిపోతాయి. ఈ విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించాడు. మరో పేగు క్రిమి క్యాంపైలోబ్యాక్టర్ జెజునై ఒంటిమీది చక్కెరలు ఇదే జీఎం-1ను పోలి ఉంటాయి. క్రిమిపై పుట్టిన యాంటీబాడీలు పొరపాటున నరాల లిపిడ్లపై పడితే కాళ్లు చేతులు చచ్చుబడే గియాన్-బారే సిండ్రోమ్ వస్తుంది. 2025 ఆరంభంలో పుణెలో ఈ కేసులు పెద్దసంఖ్యలో వచ్చినప్పుడు కొందరిలో ఈ క్రిమి కనబడింది.

పాముకాటు. రక్తపింజరి, కట్లపాము విషాల్లో ఫాస్ఫోలైపేజ్-ఏ2 జాతి ఎంజైములు ముఖ్య భాగం. గాయమైనప్పుడు శరీరం అదుపుతో వాడే కత్తెరనే పాము అదుపు లేకుండా ప్రయోగిస్తుందన్నమాట. రక్తపింజరి కాటులో కండరాలు, రక్తకణాలు, మూత్రపిండాలు దెబ్బతినడంలో ఈ ఎంజైముల పాత్ర ఉంది. కట్లపాము విషంలోని ఇదే జాతి ఎంజైము నాడుల కొసలను నాశనం చేసి శ్వాస ఆగేలా చేస్తుంది. 2000–2019 మధ్య భారతదేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని ‘మిలియన్ డెత్ స్టడీ’ అనే అధ్యయనం అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి.

లిపిడ్లపై స్వీయ దాడి. నాలుగు తోకలుండే కార్డియోలిపిన్ మైటోకాండ్రియా లోపలి త్వచంలో ఉంటుంది. 1942లో మేరీ పాంగ్‌బోర్న్ ఎద్దు గుండె నుంచి దీన్ని వేరుచేసింది. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్ఎల్ పరీక్షలో వాడేది ఇదే. లిపిడ్లకు, వాటికి అంటుకునే ప్రోటీన్లకు వ్యతిరేకంగా శరీరమే యాంటీబాడీలు తయారుచేస్తే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. పరీక్ష గొట్టంలో ఈ యాంటీబాడీలు గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి, ఒంట్లో మాత్రం గడ్డలు కట్టిస్తాయి. పిన్న వయసులో పక్షవాతం, పదేపదే గర్భస్రావాలు దీని లక్షణాలు. గర్భిణులకు తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. కార్డియోలిపిన్ తయారీలోనే లోపం ఉంటే మగపిల్లల్లో గుండె కండరం బలహీనపడే బార్త్ సిండ్రోమ్ వస్తుంది.

చికిత్సలో లిపిడ్లు

శిలీంధ్రాల త్వచంలో కొలెస్టరాల్‌కు బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. యాంఫోటెరిసిన్-బి ఆ తేడాను పట్టుకుని శిలీంధ్రాన్ని చంపుతుంది. తేడా కొద్దిపాటిదే కావడంతో మన కణాలకూ, ముఖ్యంగా మూత్రపిండాలకూ కొంత హాని తప్పదు. ఆ హాని తగ్గించడానికి మందును లిపిడ్ బుడగల్లో అమర్చి ఇస్తారు. 2021లో కోవిడ్ వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్‌కు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులు వెతుక్కున్న లైపోసోమల్ ఇంజెక్షన్ ఇదే. నీటిలో ఫాస్ఫోలిపిడ్లు వాటంతట అవే ఇలాంటి బుడగలు కడతాయని 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బ్యాంగమ్ చూపించాడు.

కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల్లో వాడినవి ఈ ఆలోచన నుంచి ఎదిగిన నానోకణాలు. వాటిలో నాలుగు రకాల లిపిడ్లు ఉంటాయి: ఒక ఫాస్ఫోలిపిడ్, కొలెస్టరాల్, పాలీఇథిలీన్ గ్లైకాల్ తగిలించిన లిపిడ్, ఆమ్లంలో ధనావేశం పొందే లిపిడ్. కణం ఆ బుడగను మింగాక లోపలి ఆమ్ల వాతావరణంలో నాలుగో లిపిడ్‌కు ఆవేశం వస్తుంది. అది చుట్టూ ఉన్న త్వచంలోని ఋణావేశ లిపిడ్లతో జతకట్టి పొరను చెదరగొడుతుంది. ఎంఆర్ఎన్ఏ కణరసంలోకి జారుతుంది.

నిల్వ వ్యాధుల్లో మొదట దారి దొరికింది గోషేకు. లోపించిన ఎంజైము ఏదో 1965లో రాస్కో బ్రేడీ గుర్తించాడు. దాన్ని బయటి నుంచి ఎక్కించే చికిత్స 1991లో అందుబాటులోకి వచ్చింది. రక్తం నుంచి మెదడుకు ఎంజైము చేరదు కాబట్టి నాడీవ్యవస్థకు కలిగే నష్టాన్ని ఇది ఆపలేదు. రెండు వారాలకోసారి చొప్పున జీవితాంతం తీసుకోవలసిన ఈ మందు ఖర్చు సామాన్య కుటుంబాలకు అందేది కాదు. భారత ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద, ఎంపిక చేసిన కేంద్రాల్లో నమోదైన రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం దొరుకుతుంది. గోషే ఆ జాబితాలో ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి.